అరుపులు ఆఖర్న

మార్చి 3

డాక్టరమ్మ నోరు మూసుకోమంది. అత్తయ్య పదిహేనేళ్ళ నుంచి ఊరికే చెబుతున్న మాట, ఈవిడ ఫీజు పుచ్చుకుని చెప్పింది.

ముక్కులోంచి సన్నటి గొట్టం దింపి నా గొంతుని టీవీలో నాకే చూపించింది. రెండు తెల్లటి తాళ్ళు, ఎడమదాని మీద ఎర్రగా ఒక పొక్కు. ఆరు వారాలు మాట వద్దు. గుసగుస అసలే వద్దు, అది మాటకన్నా చెడ్డదట. "కాపాడుకుంటే కరిగిపోతుంది. అరిచారంటే చిట్లుతుంది. చిట్లితే మాత్రం నన్నేమీ అడగొద్దు," అంది. మీరేం పని చేస్తారని అడిగింది. దెయ్యాల సినిమాల్లో అరుస్తానని కాగితం మీద రాసి చూపించాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

వాగకుండా ఉంటే నా కడుపు ఉబ్బిపోతుంది. అందుకని ఈ పుస్తకం. ఎవరూ చదవరు. ఇందులో ఎంత వాగినా తాళ్ళకేమీ కాదు.

మార్చి 4

పలక కొన్నాను. బజారులో పిల్లలు రాసుకునేదే, చెక్క చట్రం, మెడలో వేసుకోవడానికి దారం. ఆయన చూసి నవ్వి ఏదో అన్నారు. ఏమన్నారో నాకే సగం వినపడలేదు. మా ఆయన మాట ఆయన చొక్కా కాలరుకే వినపడదు.

చిక్కల్లా అత్తయ్యతోనే. ఆవిడ చెవులు ఎప్పుడో పోయాయి. మిషను కొనిస్తే తలలో గాలివాన వస్తోందని తీసి బీరువాలో పడేసింది. కొడుకు మాట వినపడదు, టీవీ వినపడదు, తలుపు కొట్టినా వినపడదు. ఆవిడకి ఈ లోకంలో వినపడేది నా గొంతు ఒక్కటే. పొద్దున లేస్తే నేనొకటి అంటాను, ఆవిడ రెండంటుంది, నేను నాలుగు అప్పజెబుతాను. పక్కింటివాళ్ళు మమ్మల్ని బద్ధశత్రువులనుకుంటారు. అలా పోట్లాడుకోకపోతే ఆవిడకి మాట్లాడే మనిషే లేదు. నాకైనా అంతే.

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారు. మా ఇంట్లో ఆ శంఖం కూడా పని చేసేది. ఇవాళ ఆగింది.

పలక మీద "ఆరు వారాలు మాట్లాడకూడదు" అని రాసి చూపించాను. ఆవిడకి చదువు రాదు. పలకని అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ వయసులో నాకు అక్షరాలు నేర్పుతావా," అంది. గొంతు పట్టుకుని, నోటి మీద వేలు పెట్టి, డాక్టరమ్మలా తల అడ్డంగా ఊపి, క్యాలెండరులో ఆరు ఆదివారాలు వేలితో చూపించి, నానా తంటాలూ పడ్డాను. అర్థమైందనే అనుకుంటున్నాను. "అయితే ఇన్నాళ్ళకి ఈ ఇంట్లో నా మాటే చెల్లుతుందన్నమాట," అని తెగ సంబరపడింది.

మార్చి 7

ఆవిడ సంబరం మూడు రోజులకే చప్పబడింది. ఇవాళ కావాలనే నా కొత్త గిన్నె కింద పడేసి నా మొహం వంక చూసింది. నేను ఏమీ అనలేదు. ఆవిడే వంగి తీసుకుంది.

మార్చి 9

తమ్ముడు వచ్చాడు.

వాడి సినిమా సంగతి నేను ఇందులో రాసుకోనక్కర్లేదు, నా నెత్తి మీదే నడిచింది కాబట్టి. ఒక అద్దె ఇల్లు, ముగ్గురు నటులు, సెలవు రోజుల్లో షూటింగు, రెండేళ్ళు. హీరోయిన్ పిల్ల మొహం చాలా బాగుంటుంది, గొంతు దోమ గొంతు. అందుకని ఆ పిల్లకి మాటలూ, ఏడుపులూ, రొప్పులూ అన్నీ నేనే. గోడ అవతల నుంచి పిలిచే ముసలమ్మ గొంతు కూడా నేనే. పెద్ద కంపెనీ సినిమాలకైతే పదిమందిని నిలబెట్టి మందలో అరిపిస్తారు, మన వంతు అయ్యాక పొమ్మంటారు. వీడి సినిమాలో దెయ్యమూ నేనే, దెయ్యానికి భయపడేదీ నేనే.

పూర్తయ్యాక ఎంతమందికి చూపించాడో. ఒకడు దెయ్యం కనపడటం లేదన్నాడు, ఒకడు తెలిసిన మొహం లేదన్నాడు, ఒకడు సగంలో లేచి ఫోను మాట్లాడుకుంటూ వెళ్ళిపోయి తిరిగి రాలేదు. ఇప్పుడు ఒక పెద్ద కంపెనీ వాళ్ళ భారీ సినిమా ఏదో వెనక్కి జరిగి, మేలో ఒక శుక్రవారం ఖాళీ పడిందట. ఆ కంతలో ఒక చిన్న దెయ్యాల సినిమా దూర్చాలి. వీడిది చూశారు. పేరు మార్చమన్నారు, ఇరవై నిమిషాలు కొయ్యమన్నారు, అన్నిటికీ తలూపాడు. చివరిగా అడిగింది, వెనక గది తలుపు తీసినప్పటి అరుపు. ఆ పిల్ల మొహం తెర నిండా ఉంటుంది, చాలాసేపు ఉంటుంది. అక్కడ పాత అరుపు సన్నగా ఉందట. నిజమే. అప్పటికే నా గొంతు బాగా లేదు.

"హాల్లో కుర్చీలు కదలాలంటున్నారక్కా," అన్నాడు. "నేను నిన్ను అడగను. నీ ఒంటికన్నా ఏదీ ఎక్కువ కాదు." అడగనంటూనే నా గొంతు వైపే చూస్తూ కూచున్నాడు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి, "ఇది పోతే నేను ఇంకో సినిమా తీయలేను," అన్నాడు.

అమ్మ పోయినప్పుడు వాడికి ఆరేళ్ళు. నా చేత్తో పెట్టిన ముద్దలు తిని పెరిగాడు.

మార్చి 10

కుదరదని మెసేజి పెట్టాను. సరే అక్కా అని ఒక్క మాట రాశాడు. పీడా పోయింది.

మార్చి 11

డాక్టరమ్మ మాట్లాడొద్దంది. ఆలోచిస్తే అరుపు మాట కాదు. అరిస్తే చిట్లుతుందని అన్న మాట నిజమే గానీ, ఒక్కసారి అరిస్తే అనలేదు.

మార్చి 12

తమ్ముడు మళ్ళీ మెసేజి పెట్టాడు, నన్ను బెంగపడొద్దని. కంపెనీ దగ్గర అరుపులు నిలవ ఉంటాయట, ఎక్కడెక్కడివో మూటగా కొని పెట్టుకున్నవి. అందులోంచి ఒకటి ఏరి అతికిస్తారట.

ముక్కూ మొహం తెలియని ఎవత్తో ఎప్పుడో అరిచిన అరుపు, నా తమ్ముడి సినిమాలో, నేను రెండేళ్ళు మోసిన పిల్ల నోట్లో పెడతారా? ఆ పిల్ల ఎలా ఊపిరి పీలుస్తుందో నాకు తెలుసు. అరిచే ముందు గొంతు ఎక్కడ పట్టుకుంటుందో నాకు తెలుసు.

అత్తయ్యని కూడా హాలుకి తీసుకెళ్ళాలి కదా. నేను పని చేసిన ప్రతి సినిమాకీ వస్తుంది. తెర మీద ఏం జరుగుతోందో ఒక్క ముక్క వినపడదు, నా అరుపు మాత్రం వినపడుతుంది. వినపడగానే పక్క సీటు వాళ్ళని పొడిచి "మా కోడలు" అని చెబుతుంది. నిలవ అరుపు ఆవిడకి వినపడుతుందో లేదో.

వస్తానని రాశాను.

మార్చి 16

రికార్డింగ్ అయింది.

ఏ స్టూడియోలోనైనా మా పద్ధతి ఒకటే, అరుపులు ఆఖర్న. పొద్దున మాటలు, మధ్యాహ్నం ఏడుపులు, అన్నీ అయ్యాక అరుపులు. అరిచిన గొంతు ఆ రోజుకి ఇక దేనికీ పనికిరాదు కాబట్టి. ఇవాళ అరుపు తప్ప ఇంకో పని లేదు, పొద్దున్నే పెట్టుకున్నాం. అదే గది, గోడలకి అదే నల్ల స్పాంజి.

రికార్డింగ్ చేసే అన్న నన్ను చూసి కుర్చీలోంచి లేచాడు. ఎప్పుడూ లేవడు. "చెల్లీ, ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పు, మిషను పాడైందని నేను చెప్పేస్తా," అన్నాడు చిన్నగా, తమ్ముడికి వినపడకుండా. "పరామర్శకి వచ్చినట్టు చూడకు, పని చూసుకో," అని పలక మీద రాశాను.

టేకుకి ముందు లెవెల్ ఇవ్వాలి. అంటే తర్వాత ఎంత గట్టిగా అరుస్తామో అంత గట్టిగా ముందోసారి అరిచి చూపించాలి. దాన్నిబట్టి అన్న మిషన్ని తగ్గించుకుంటాడు. నేను తెలివైనదాన్ని కదా. ఉన్నది ఒక్క అరుపు, దాన్ని లెవెల్‌కి తగలేస్తానా? గుసగుసగా "హా" అని, మిగతాది నీకు తెలిసిందే కదా అన్నట్టు చెయ్యి ఊపాను. గుసగుస లెక్కలోకి రాదులే అనుకున్నాను.

అన్నకి నా గొంతు నాకంటే బాగా తెలుసు. తెలుసు కాబట్టే జాలిపడ్డాడు. దీని గొంతు చిక్కిపోయింది, పాపం ఎంత అరిచినా ఇంతకు మించి రాదు అనుకుని, తగ్గించాల్సిన మీటని పైకి నెట్టాడు.

తెర మీద ఆ పిల్ల తలుపు తీసింది. నేను అరిచాను. అలాంటి అరుపు నా జన్మలో అరవలేదు. అరికాళ్ళలోంచి వచ్చింది. నొప్పి కూడా లేదు. అద్దం అవతల తమ్ముడు రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని నవ్వుతున్నాడు. అన్న హెడ్‌ఫోన్లు అప్పుడు తగిలించుకుంటున్నాడు. నా అరుపుకి ముందు వాటిని తీసి మెడలో వేసుకోవడం ఆయనకి అలవాటు, చెవులే నా కూడు అంటాడు. అందుకని అరుపు ఎలా పడిందో ఆయనకి అప్పుడు తెలియలేదు. వెనక్కి తిప్పి విన్నాడు. ఆయన మొహం చూసి నేనూ వెళ్ళి విన్నాను. రేకు డబ్బాలో రాళ్ళు పోసి ఊపినట్టుంది. మిషను పట్టలేనంత అరుపు పడి, మిషను తెర మీద అరుపు తాలూకు గీత పైనా కిందా కత్తిరించినట్టు చదునైపోయింది. అలా తెగినదాన్ని ఎవడూ అతికించలేడు.

తమ్ముడు మళ్ళీ అరవమనలేదు, వద్దనీ అనలేదు, నేల చూస్తున్నాడు. నేనే లోపలికెళ్ళి మైకు ముందు నిలబడ్డాను.

రెండోది బాగానే వచ్చింది. మొదటిదంత కాదు గానీ బాగుంది. చివర్లో లోపల ఏదో పుటుక్కుమంది. అది అరుపులో కూడా వినపడుతోందట. "అదే అక్కా, అదే దాని ప్రాణం," అన్నాడు తమ్ముడు. అన్న హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి బయటికి వెళ్ళిపోయాడు.

మార్చి 17

గొంతు బరువుగా ఉంది. అంతే.

మార్చి 18

ఉమ్మితే ఎర్రగా పడింది. పళ్ళు గట్టిగా తోముకున్నానేమో.

మార్చి 20

తమ్ముడి దగ్గర్నుంచి మంచి కబురు. కంపెనీ వాళ్ళు మొన్న ఒక చిన్న హాల్లో సంబంధం లేని జనాన్ని కూచోబెట్టి సినిమా వేశారట. అయ్యాక తలా ఒక కాగితం ఇచ్చి ఎక్కడ భయపడ్డారో రాయమన్నారట. చీకట్లో జనం మొహాలు తీసే కెమెరా కూడా పెట్టారట. చివరి సీనుకి అందరూ కొయ్యబొమ్మల్లా బిగుసుకుపోయారట. సినిమా ఖాయం.

నా అరుపుకేనా అని రాశాను. చాలాసేపటికి, "చివరి సీను అదిరిందక్కా," అని వచ్చింది.

నా అరుపుని సినిమాలో కలపడానికి ఇంకా వారం పడుతుందన్నాడు మొన్న. తొందరగానే కలిపేశారన్నమాట. పెద్ద కంపెనీలంటే అంతే మరి.

మార్చి 23

డాక్టరమ్మ గొట్టం దింపి, టీవీ చూసి, గొట్టం తీసేసింది. తర్వాత చేతులు కడుక్కుంది. తర్వాత చెప్పింది.

పొక్కు చిట్లింది. నెత్తురు తాడులోకి ఇంకింది. ఆపరేషను చెయ్యాలి, చేసినా తాడు గట్టిపడిపోతుంది. "ఊపిరి లాంటిది ఏదో వస్తుంది. దగ్గరకొచ్చి వింటే తెలుస్తుంది," అంది. దగ్గరకొచ్చి వినాలట. మా ఇంట్లో నా గొంతు వీధి చివరి నుంచి వినే మనిషి ఉంది.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే నవ్వేదాన్ని. ఒక్క లెవెల్ దాచుకుందామనుకున్నాను.

ఆయన నా చెయ్యి పట్టుకుని ఏదో అన్నారు. మొదటిసారి ఆయన మాట పూర్తిగా వినపడింది. ఇక్కడ రాయను.

ఏప్రిల్ 2

ఆపరేషను అయింది.

ఏప్రిల్ 3

గొంతు వాచి మూసుకుపోయినట్టుంది, రేపటికి తెరుచుకుంటుంది.

ఏప్రిల్ 11

అత్తయ్య ఇవాళ నా ఎదురుగా కుర్చీ వేసుకుని కూచుంది. "ఆరు వారాలన్నావు. రేపోమాపో అయిపోతాయి కదా," అంది. వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటోందని నాకు తెలియదు. తల అడ్డంగా ఊపాను. "ఇంకా పెంచిందా ఆ డాక్టరు," అని ఆవిణ్ణి తిట్టడం మొదలుపెట్టింది. మధ్యమధ్యలో ఆగింది. నేను అందుకునే చోట్లు అవి.

ఆయన ఆవిడ చెవిలో నోరు పెట్టి గొంతు పోయింది అమ్మా అని అరిచారు. ఆయన అరుపు. ఆవిడ చెవి రుద్దుకుని, "చక్కిలిగిలి పెడతావేంట్రా," అంది.

ఏప్రిల్ 19

తమ్ముడు ఫోను ఎత్తడం లేదని ఆయన అంటున్నారు. మెసేజికి కూడా రెండు రోజులకి ఒక ముక్క. విడుదల ముందు పని ఎంత ఉంటుందో వీళ్ళకేం తెలుసు. పాపం తిన్నాడో లేదో.

ఏప్రిల్ 28

బస్టాపు గోడ మీద పోస్టరు చూశాను. తమ్ముడు వేయించిన బొమ్మ కాదు, కంపెనీ వాళ్ళు మార్చేశారు. నల్లటి కాగితం నిండా ఆ పిల్ల మొహం, తెరిచిన నోరు. లోపల కొండనాలుక కూడా కనపడుతోంది.

అరుపే పోస్టరుగా వేశారు. నా అరుపు.

బస్సు వెళ్ళిపోయినా అక్కడే నిలబడ్డాను. గొంతు పోతే పోయింది, అది మాత్రం ఉంటుంది. ఎన్ని హాళ్ళలో వేస్తే అన్ని హాళ్ళలో ఉంటుంది. అత్తయ్యకి నా గొంతు వినాలనిపించినప్పుడల్లా టిక్కెట్టు కొని తీసుకెళతాను. ఈ ఆలోచన వచ్చాక ఇవాళ నాలుగు మెతుకులు లోపలికి పోయాయి.

మే 9, శుక్రవారం

మధ్యాహ్నం ఆట. అత్తయ్య మంచి చీర కట్టుకుంది. నెల నుంచి ఇంత హుషారుగా లేదు. ఆయన అటు, నేను ఇటు, మధ్యలో ఆవిడ. హాలు ముప్పాతిక నిండింది. తమ్ముడు వెనక ఎక్కడో నిలబడ్డాడు. నన్ను చూసి చెయ్యి ఊపాడు గానీ దగ్గరికి రాలేదు.

సినిమా బాగుంది. కోసిన ఇరవై నిమిషాలు పోవాల్సినవే. నా మాటలు, నా ఏడుపులు, గోడ అవతల నా ముసలి గొంతు వింటూ కూచున్నాను. పోయినవాళ్ళ గొంతు విన్నట్టుంది. మాటలు సినిమాలో మెల్లగా ఉంటాయి, అత్తయ్యకి వినపడవు. ఆవిడ ఓపిగ్గా ఎదురుచూస్తోంది. నా వైపు తిరిగి, ఇప్పుడా, ఇప్పుడా, అని కళ్ళతో అడుగుతోంది. ఇంకా కాదని నేను ఆవిడ చెయ్యి నొక్కుతున్నాను.

వెనక గది వచ్చింది. పిల్ల తలుపు మీద చెయ్యి వేసింది. నేను అత్తయ్య చెయ్యి గట్టిగా పట్టుకుని ఊపాను, ఇదిగో, ఇప్పుడే.

పిల్ల నోరు తెరిచింది. ఏమీ లేదు.

అరుపు లేదు, సంగీతం లేదు, గాలి చప్పుడు కూడా లేదు. తెర నిండా తెరిచిన నోరు, మెడ నరాలు ఉబ్బి, కళ్ళు బయటికొచ్చి. చాలాసేపు. హాల్లో ఒక్కరూ కదల్లేదు. నా ముందు సీటు మనిషి భుజాలు ముడుచుకుని చిన్నగా అయిపోయాడు. నాకూ ఒళ్ళు జలదరించింది. రాయక తప్పదు, జలదరించింది.

ఆ నిశ్శబ్దంలో అత్తయ్య, చెవిటివాళ్ళు మాట్లాడినంత గట్టిగా, "ఏదే, ఎప్పుడు అరుస్తావు?" అంది.

హాలంతా ఉలిక్కిపడింది. ముందువాళ్ళు ఉష్ అన్నారు. ఆవిడకి అదీ వినపడలేదు. "పట్టుకుని ఊపావుగా. ఏదీ?" అంది మళ్ళీ. ఈలోగా దీపాలు వెలిగాయి. జనం లేచి చప్పట్లు కొట్టారు. అందరి చేతులూ కదలడం చూసి ఆవిడ నోరు మూసుకుంది. ఇంటికొచ్చేవరకూ మళ్ళీ మాట్లాడలేదు.

వరండాలో తమ్ముడు ఎదురుపడ్డాడు. "ఆ చిన్న హాల్లో జనానికి వేసిన రోజు నీ అరుపు కలపడం కుదరలేదక్కా. పాతది తీసేశాం, కొత్తది ఇంకా పడలేదు, ఆ చోటు ఖాళీగానే వెళ్ళిపోయింది. అక్కడే జనం చచ్చిపోయారు. అలాగే ఉంచమన్నారు కంపెనీ వాళ్ళు." తర్వాత, "నీకు ఎలా చెప్పాలో తెలియలేదు," అన్నాడు. అప్పుడు ఆరు వారాలు దాటినా నా మెడలో ఉన్న పలక చూశాడు. వాడికి ఆపరేషను సంగతి నేనే చెప్పొద్దన్నాను, పనిలో ఉన్నాడని.

చెంప పగలగొడదామనిపించింది. ఏం లాభం, సినిమాకి అదే మంచిది. నేను వాడి కుర్చీలో కూచున్నా అదే చేసేదాన్ని. పలక మీద "బాగుంది" అని రాసి చూపించాను. వాడు నా కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చాడు. జనం మమ్మల్ని చుట్టుకుని పక్కనుంచి పోయారు.

మే 10

అత్తయ్య పొద్దున లేవలేదు. వెళ్ళి చూస్తే గోడ వైపు తిరిగి పడుకుని, రెండు అరచేతులూ చెవుల మీద పెట్టుకుని ఉంది. నన్ను చూసి లేచి కూచుంది.

"ఈమధ్య నువ్వు వాడి చెవి దగ్గర నోరు ఆడిస్తున్నావు, నాకు వినపడటం లేదు. డాక్టరు మాట్లాడొద్దందనే అనుకున్నాను, చెప్పావుగా. అయినా అప్పుడప్పుడు అనుమానం వచ్చేది. మాట్లాడుతున్నావేమో, నాకే వినపడటం లేదేమో అని. పోనీ సినిమాలో తేలిపోతుంది కదా అనుకున్నా. నిన్న అంత పెద్ద అరుపు. ఆ పిల్ల నోరు ఎంత తెరిచిందో చూశాగా. నువ్వు చెయ్యి పట్టుకుని ఊపావు కూడా. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ఒక్క ముక్క వినపడలేదే. నా చెవులు పూర్తిగా పోయాయి."

కాదని తల ఊపాను. ఓదారుస్తున్నాననుకుంది. పలక తెచ్చి అంతా రాశాను, రాశాక గుర్తొచ్చింది ఆవిడకి చదువు రాదని. ఆయన్ని పిలుద్దామంటే పిలవడానికి గొంతు లేదు, పిలిచినా ఆయన మాట ఆవిడకి వినపడదు.

ఏం చెయ్యాలో తోచక ఆవిడ చెయ్యి తీసుకుని నా గొంతు మీద పెట్టుకున్నాను. చూడు, ఇందులో ఏమీ లేదు, పోయింది నా గొంతు అత్తయ్యా, నీ చెవులు కాదు. తెలియాలని, ఉన్న బలమంతా పెట్టి అరిచాను. ఊపిరి తప్ప ఏమీ రాలేదు.

ఆవిడ వేళ్ళ కింద నా మెడ నరాలు ఉబ్బాయి, కండలు బిగుసుకున్నాయి. ఆవిడ కళ్ళు పెద్దవి చేసుకుని చాలాసేపు అలాగే పట్టుకుని చూసింది. తర్వాత చెయ్యి తీసేసి నా చెంప తుడిచింది.

"చాలు, ఆపు. గొంతు పాడవుతుంది," అంది. "ఇంత గట్టిగా అరుస్తున్నా నాకు వినపడటం లేదంటే, ఇంకెందుకే?"